కిట్ కొనకండి, బోదె గట్టుకి తీసుకెళ్ళండి: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో చేసే సైన్స్

మూడేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకి మా అబ్బాయికి ఒక సైన్స్ కిట్ కొన్నాను. పెట్టె పెద్దది, దాని మీద బొమ్మ ఇంకా పెద్దది. లోపల ఒక మోటారు, రెండు వైర్లు, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి బిగించాం. మోటారు తిరగలేదు. వాడు దాన్ని పక్కన పడేసి పెరట్లోకి పోయాడు. కొబ్బరి చెట్టు పాదులోకి పంపు నీళ్ళు మళ్ళించడం మొదలెట్టాడు. మట్టితో కట్ట కట్టడం, అది తెగడం, మళ్ళీ కట్టడం. భోజనానికి పిలిచినా పలకలేదు. చివరికి బురద చేతులతో వచ్చి, "నాన్నా, కట్ట ఎప్పుడూ మలుపు దగ్గరే ఎందుకు తెగుతోంది?" అన్నాడు.

ఇంతకంటే మంచి ప్రశ్న ఆ పెట్టెలో ఎక్కడా లేదు. మలుపు తిరిగేటప్పుడు బయటి ఒడ్డు పక్క నీటి వేగం ఎక్కువ, కోత అక్కడే. లోపలి ఒడ్డు పక్క వేగం తక్కువ, మేట అక్కడే. గోదావరి లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, ఒకవైపు భూమి కోసుకుపోవడానికీ, ఇంకోవైపు ఇసుక తేలడానికీ పెద్ద కారణం ఇదే. డెల్టాలో ఉన్నవాళ్ళకి ప్రయోగశాల కొనే పని లేదు, గుమ్మం దిగితే చాలు. అప్పటి నుంచి మేం ఇంట్లో చేస్తున్నవాటిలో బాగా కుదిరినవి ఇక్కడ రాస్తున్నాను. ఏడెనిమిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల దాకా సరిపోతాయి. చిన్నవాళ్ళకి కొలతలు, పెద్దవాళ్ళకి లెక్కలు అప్పగించండి.

మొదట ఒక నోటు పుస్తకం

రూళ్ళ నోటు పుస్తకం ఒకటి తీసి ప్రతి పేజీలో మూడు గళ్ళు గీయించండి: "నా ఊహ", "కొలిస్తే వచ్చింది", "తేడా ఎందుకు". ఊహ రాయకుండా ఏ పనీ మొదలుపెట్టనివ్వకండి. మీ ఊహ కూడా పక్కనే రాయండి. అది తప్పిందంటే మరీ మంచిది. నాన్న లెక్క తప్పిందని ఊరంతా చెప్పుకోవడంలో పిల్లలకున్న ఆనందం ఇంత అంత కాదు, మర్నాడు పిలవకుండానే వస్తారు.

రెండో షరతు పెద్దవాళ్ళకి. జవాబు ముందే చెప్పకండి. మొదటి ఏడాది నేను ప్రతిదానికీ ముందు పాఠం చెప్పి తర్వాత ప్రయోగం చూపించేవాణ్ణి. అయిదు నిమిషాల్లో వాళ్ళ కళ్ళు టీవీ వైపు తిరిగేవి. ఇప్పుడు "నాకూ సరిగ్గా తెలీదురా, చూద్దాం" అంటున్నాను. చాలాసార్లు అది నిజమే.

సామాను: దర్జీ టేపు, స్కేలు, ఫోనులో స్టాప్‌వాచ్, ఖాళీ సీసాలు, పురికొస, వెదురు కర్ర ఒకటి, వంటింట్లో తూకం ఉంటే అది. కొనాల్సింది ఏదైనా ఉంటే సున్నా నుంచి వంద డిగ్రీల దాకా చూపించే ల్యాబ్ థర్మామీటర్ ఒక్కటే. జ్వరం చూసే థర్మామీటర్ ఈ పనులకి రాదు, అది ఒంటి వేడి దగ్గరి అంకెలే చూపిస్తుంది.

మట్టి సీసా

భోగికి రెండు రోజుల ముందే దీన్ని మొదలెట్టాలి, ఎందుకంటే ఫలితం రావడానికి అంత సమయం పడుతుంది. మన కాళ్ళ కింద ఉన్నదంతా నది తెచ్చి పోసిందే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయలు మోసుకొచ్చి దింపిన ఒండ్రు మీదే కోనసీమ ఉంది. ఆ దింపడం ఎలా జరుగుతుందో హార్లిక్స్ సీసాలో చూడవచ్చు.

1. మూడు చోట్ల నుంచి గుప్పెడేసి మట్టి తెప్పించండి. వరిచేను మట్టి ఒకటి, కొబ్బరితోటది ఒకటి, లంకలోదో ఏటి ఒడ్డుదో ఒకటి. నీడన ఆరబెట్టి, గడ్డలు చిదిపి, వేర్లూ రాళ్ళూ ఏరెయ్యండి.

2. గోడలు నిటారుగా ఉన్న ఒకే సైజు గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒక్కొక్కదాంట్లో మూడో వంతు మట్టి వేసి, మెడ దాకా నీళ్ళు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి వెయ్యండి. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడిపోవడానికే సబ్బు.

3. మూత గట్టిగా బిగించి అయిదు నిమిషాలు ఊపమనండి. పిల్లలకి బాగా నచ్చే భాగం ఇదే కాబట్టి చుట్టూ చాప పరిచి ఉంచుకోండి.

4. కదలని చోట పెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. ఒక నిమిషానికి అడుగున ఎంత ఎత్తు పేరుకుందో మార్కర్‌తో గీత పెట్టండి. అది ఇసుక. రెండు గంటలకి రెండో గీత. ఆ రెండు గీతల మధ్య ఉన్నది సన్నటి ఒండ్రు. రెండు రోజుల తర్వాత మూడో గీత. దానికీ రెండో గీతకీ మధ్య ఉన్నది బంకమట్టి.

5. మూడు పొరల ఎత్తునీ స్కేలుతో కొలిచి శాతాలు కట్టించండి. మొత్తం 8 సెంటీమీటర్లలో ఇసుక 2 ఉంటే 25 శాతం, మిగతావి కూడా అలాగే. అయిదో తరగతి పిల్లలకి శాతాలు నేర్పడానికి నాకు ఇంతకంటే మంచి లెక్క దొరకలేదు.

ఇప్పుడు అడగండి: ముందు ఏది దిగింది? ఎందుకు? పెద్ద రేణువు బరువుకి నీటి పట్టు చాలదు, చిన్నదానికి చాలుతుంది. నది కూడా అంతే. వడిగా ఉన్నచోట సన్న మట్టిని వదలదు, నెమ్మదించినచోట ముందు ఇసుకని వదులుతుంది. లంక మట్టి సీసాకీ చేను మట్టి సీసాకీ ఉన్న తేడా చూశాక మా అమ్మాయి, "అయితే చేను ఉన్నచోట ఒకప్పుడు నీళ్ళు కదలకుండా నిలబడ్డాయన్నమాట" అంది. అది నేను చెప్పింది కాదు.

ఇందులోనే ఇంకో మెట్టు ఉంది, నాకైతే అదే అసలుది. సబ్బు వెయ్యకుండా విడిగా చేను మట్టిని బకెట్లో కలిపి, పది నిమిషాలు ఆగి, పైన ఉన్న బురద నీళ్ళు మూడు గాజు గ్లాసుల్లో పొయ్యండి. మొదటిదాన్ని అలాగే వదిలెయ్యండి. రెండోదాంట్లో ఒక చెంచా ఉప్పు కలపండి. మూడోదాంట్లో పటిక ముక్కని రెండు మూడు చుట్లు తిప్పి తీసెయ్యండి. అరగంటకోసారి ఫోటో తియ్యండి. పటిక గ్లాసు తొందరగా తేరుతుంది, తర్వాత ఉప్పుది. ఉత్త నీళ్ళ గ్లాసు మర్నాటికీ మసకగానే ఉంటుంది.

బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అందుకే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలో తేలుతూ ఉంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ తోపుడుని తగ్గిస్తాయి, రేణువులు ముద్ద కట్టి దిగిపోతాయి. పటికలో అల్యూమినియం అయాన్ మీద మూడింతల ఆవేశం ఉంది కాబట్టి కొంచెమే చాలు. జులైలో ఎర్ర నీళ్ళు అంతర్వేది దగ్గర ఉప్పునీళ్ళలో కలిసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. నది నెమ్మదించడం ఒక కారణం, ఉప్పు తగలడం ఇంకో కారణం, రెండూ కలిసి మట్టిని దింపుతాయి. మా మామ్మ వర్షాకాలంలో కుండ లోపల చిల్లగింజ అరగదీసి గోదావరి నీళ్ళు పోసేవారు. తెల్లారేసరికి నీళ్ళు తేటపడేవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటే పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. కానీ తేరిన నీళ్ళు తాగేందుకు పనికొస్తాయని పిల్లలు అనుకోకూడదు. మట్టి పోయినంత మాత్రాన సూక్ష్మజీవులు పోవు.

ఒక హెచ్చరిక. సబ్బు వేసిన సీసా నీళ్ళు ఈ రెండో పనికి వాడకండి. సబ్బు విడదీస్తుంది, ఉప్పు కలుపుతుంది, రెండూ కొట్టుకుని ఏమీ తేలదు. మేం మొదటిసారి అదే చేసి, ఉప్పు మంచిది కాదేమోనని కొట్టువాణ్ణి తిట్టుకున్నాం.

బోదెలో ఎన్ని క్యూసెక్కులు?

వరదలప్పుడు టీవీలో "పది లక్షల క్యూసెక్కులు" అని వింటాం. పిల్లలకి అది ఉత్త అంకె, నిజానికి మనకీ అంతే. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట) నాట్ల కోసం కాలువలు పారుతూ ఉంటాయి కాబట్టి ఈ లెక్కకి ఇదే అదను. వేసవిలో అయితే కాలువలు కట్టేస్తారు.

ముందు జాగ్రత్త మాట. పెద్ద కాలువల జోలికి పోకండి. మోకాలి లోతు మించని పంట బోదె, అంటే పొలానికి నీళ్ళు తెచ్చే చిన్న కాలువ, చాలు. నీళ్ళలో దిగేది పెద్దవాళ్ళే, పిల్లలు గట్టు మీదే. గట్టు బురదగా ఉంటే ఆ రోజు మానెయ్యండి. లాకుల దగ్గర, తూముల దగ్గర అసలు వద్దు, అక్కడ నీరు లోపలికి లాగుతుంది.

1. బోదె తిన్నగా ఉన్నచోట గట్టు వెంబడి పది మీటర్లు కొలిచి, రెండు చివర్లా పుల్లలు పాతి, అడ్డంగా పురికొస కట్టండి.

2. నీటి వెడల్పు కొలవండి. వెదురు కర్ర మీద సెంటీమీటర్లు గీసుకుని లోతు మూడు చోట్ల చూడండి: ఈ గట్టు దగ్గర, మధ్యలో, ఆ గట్టు దగ్గర. మూడూ కలిపి మూడుతో భాగిస్తే సగటు.

3. కమలాపండుని తొక్కతోనే మొదటి పురికొసకి కాస్త ఎగువన వదలండి. పురికొస దాటగానే స్టాప్‌వాచ్ నొక్కాలి, రెండోది దాటగానే ఆపాలి. కింద ఒకరు బుట్టతో పండుని పట్టుకోవాలి. అయిదుసార్లు చేసి సగటు తీయండి.

పండే ఎందుకు? మొదట మేం అక్కడ తేలుతున్న గుర్రపుడెక్క మొక్కనే వదిలాం. ఒకసారి ఇరవై సెకన్లు, ఒకసారి నలభై. దాని ఆకులు తెరచాపలా గాలిని పడుతున్నాయని పిల్లలే కనిపెట్టారు. కమలాపండు దాదాపుగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి మాట వినదు, నీటి మాటే వింటుంది.

4. మా బోదె లెక్క ఇది. వెడల్పు 1.5 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు, అంటే అడ్డుకోత వైశాల్యం 0.6 చదరపు మీటర్లు. పదిమీటర్లకి 33 సెకన్లు, అంటే సెకనుకి 0.3 మీటర్లు. పైన నీరు వడిగా, అడుగున నెమ్మదిగా పోతుంది కాబట్టి ఈ వేగాన్ని 0.85తో గుణించాలి. మూడూ గుణిస్తే సెకనుకి సుమారు 155 లీటర్లు వచ్చింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అది 28.3 లీటర్లు. అంటే మా బోదెలో దాదాపు అయిదున్నర క్యూసెక్కులు.

మేడ మీద ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకు ఆ ధారకి ఆరున్నర సెకన్లలో నిండుతుంది. ఈ పోలిక చెప్పగానే పిల్లలు బోదె వైపు కొత్తగా చూశారు. తర్వాతి లెక్క వాళ్ళే కట్టారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పుడు దిగువకి పోయే నీరు దాదాపు పది లక్షల క్యూసెక్కులు. అంటే మా బోదెలాంటివి పక్కపక్కన లక్షా ఎనభై వేలు పారుతున్నట్టు! రెండో హెచ్చరిక 13.75 అడుగులకి, మూడోది 17.75కి. 1986 వరద చూసిన తాతయ్యలు ఇంట్లో ఉంటే ఆ సాయంత్రం వాళ్ళకి అప్పగించెయ్యండి.

మేం కొలుస్తుంటే పక్క చేను రైతు ఆగి, "ఏం లెక్కలండీ, లస్కరుగారి ఉద్యోగానికా?" అని నవ్వారు. లస్కరు అంటే కాలువ నీళ్ళ పంపకం చూసే ఉద్యోగి. తర్వాత ఆయనే, "ఈ నీళ్ళు ఎకరం తడవడానికి ఎంతసేపు పడుతుందో కట్టి చెప్పండి చూద్దాం" అని మాకో లెక్క ఇచ్చి పోయారు. ఎకరం 4047 చదరపు మీటర్లు, అయిదు సెంటీమీటర్ల నీళ్ళు నిలపాలి. భూమిలోకి ఇంకేది వదిలేస్తే ఎంతసేపో మీ పిల్లలు కట్టగలరు. మాకు ఇరవై రెండు నిమిషాలు వచ్చింది.

వీలుంటే ఒక పూట ధవళేశ్వరం వెళ్ళిరండి. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ అక్కడి మ్యూజియంలో ఉంది. బోదె కొలిచిన తర్వాత వెళ్తే పిల్లలు గేట్లు లెక్కపెడతారు, ముందు వెళ్తే ఐస్‌క్రీమ్ అడుగుతారు.

గడ్డకట్టిన కొబ్బరినూనె

ఇది చిన్న పని, వంటింట్లోనే. జనవరి తెల్లవారుజామున కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటుంది కదా. దాన్ని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, ఒక గాజు గ్లాసులో పోసి, థర్మామీటర్ ముంచి, ఆ గ్లాసుని చల్లటి నీళ్ళలో దించండి. రెండు నిమిషాలకోసారి అంకె రాసి, గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. గీత కిందికి దిగుతూ దిగుతూ 24 డిగ్రీల చుట్టుపక్కల నెమ్మదిస్తుంది. గడ్డకట్టేటప్పుడు నూనె తనలోని వేడిని బయటికి వదులుతుంది, అందుకే ఆ నెమ్మది.

పక్కనే నువ్వులనూనె కూడా పెట్టండి, అది గడ్డకట్టదు. గడ్డకట్టిన నూనె మధ్యలో చిన్న గుంట ఎందుకు పడిందో, ఐసు ముక్క నీళ్ళలో తేలుతుంటే కొబ్బరినూనె గడ్డ నూనెలో ఎందుకు మునుగుతుందో అడిగి వదిలెయ్యండి. రెండిటికీ జవాబు ఒకటే.

రొయ్యల చెరువు ఉప్పు కొలిచే బుడ్డి

భీమవరం వైపువాళ్ళకి ఇది ఇంటి విషయం. రొయ్యల రైతు చెరువు నీళ్ళ చుక్క ఒక గొట్టం మీద వేసి, కంటికి ఆనించి, ఉప్పు ఎంత ఉందో చెబుతాడు. అలాంటి పరికరం మనమే వేరే పద్ధతిలో చేసుకోవచ్చు.

అందరూ గుడ్డు తేల్చే ప్రయోగం చెబుతారు. అది సరదాకే బాగుంటుంది, కొలతకి పనికిరాదు. తాజా గుడ్డు సముద్రపు నీళ్ళలో కూడా మునుగుతుంది, తేలాలంటే ఉప్పు దానికి మూడింతలు పైనే కావాలి.

ముందు ఉత్త స్ట్రా తీసుకోండి. ఒక చివర ఎం-సీల్‌తో మూసి, లోపల కాస్త ఇసుక వేసి, నీళ్ళలో నిటారుగా నిలబడేట్టు చెయ్యండి. మంచినీళ్ళలో ఎక్కడిదాకా మునిగిందో గీత పెట్టండి. తర్వాత లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలపండి, సముద్రపు ఉప్పదనం దాదాపు అంతే. అందులో నిలబెట్టి మళ్ళీ గీత పెట్టండి. రెండు గీతల మధ్య మహా అయితే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పిల్లలు నీరసపడతారు. పడనివ్వండి.

"ఈ తేడా పెద్దగా కనపడాలంటే స్ట్రాలో ఏం మార్చాలి?" అని అడిగి ఒక రోజు వదిలెయ్యండి. కింద లావుగా, పైన సన్నగా ఉండాలన్నది కీలకం. హోమియో మాత్రల ఖాళీ ప్లాస్టిక్ బుడ్డి తీసుకుని, మూతకి చిల్లు పెట్టి, సన్నటి స్ట్రా గుచ్చి, ఎం-సీల్‌తో నీళ్ళు దూరకుండా మూసెయ్యండి. బుడ్డి నిండా మునిగి, స్ట్రా సగం పైకి తేలేలా లోపల ఇసుక వేసి సరిచేసుకోవాలి. దీనికి ఓపిక కావాలి, ఒక్కో చిటికెడే వెయ్యండి. ఇప్పుడు అదే ఉప్పునీళ్ళలో గీత సెంటీమీటరు దాకా జరుగుతుంది. నీటిని తొలగించే పని బుడ్డిది, ఆ తేడాని చూపించే పని సన్నటి స్ట్రాది. లీటరుకి 10 గ్రాములు, 20 గ్రాములు కలిపి మధ్య గీతలు కూడా పెట్టుకుంటే మీ మీటరు సిద్ధం.

ఉప్పుటేరు నీళ్ళు, బోరు నీళ్ళు, తెలిసినవాళ్ళ చెరువు నీళ్ళు సీసాల్లో తెచ్చి కొలవండి. చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్తే ఏరియేటర్ల కరెంటు వైర్లకి దూరంగా ఉంచండి.

పుల్లల ప్రభ

కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం చూసినవాళ్ళకి తెలుసు. ప్రభ అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రం. అంతెత్తు ప్రభని భుజాల మీద ఎత్తుకుని చేలల్లో పడి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక ఏటి నీళ్ళలో దిగి దాటతాయి. అది ఎందుకు పడిపోదు? ఇంజినీరింగ్ కాలేజీలో అడగాల్సిన ప్రశ్నే, ఇంట్లో అయితే చీపురు పుల్లలతో తేలుతుంది.

ముందు నాలుగు పుల్లలు దారంతో చదరంగా కట్టి పక్కకి నొక్కమనండి. వంగిపోతుంది. మూలకి మూల ఒక పుల్ల అడ్డంగా కడితే బిగుసుకుంటుంది. రాజమండ్రి వెళ్ళినప్పుడు పాత హేవలాక్ వంతెన ఇనుప చట్రాల్లో ఇవే త్రికోణాలు వెతకమనండి. 1900 నుంచి 1997 దాకా రైళ్ళని మోసింది ఆ త్రికోణాలే. పక్కన ఉన్న కొత్త వంతెన విల్లు ఆకారంలో ఎందుకుందో పెద్ద పిల్లలు ఆలోచిస్తారు.

తర్వాత వెదురు బద్దలతో అర మీటరు ఎత్తు ప్రభ కట్టండి, రంగు కాగితాలూ గంటలూ పిల్లల ఇష్టం. దాన్ని పీట మీద నిలబెట్టి, పీటని ఒకవైపు నెమ్మదిగా ఎత్తండి. ఏ కోణం దగ్గర పడిందో ఫోనులో లెవెల్ చూసే యాప్‌తో కొలవండి. ప్రభ జారిపోకుండా కింద ఒక చిన్న పుల్ల అడ్డం పెట్టుకోవాలి. ఇప్పుడు మట్టి ముద్ద ఒకటి శిఖరానికి అంటించి మళ్ళీ, అదే ముద్ద అడుగున అంటించి మళ్ళీ. అడుగు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, గరిమనాభి (బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కకి తీసుకునే బిందువు) 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 18 డిగ్రీల దగ్గర పడాలి. గరిమనాభిని దించితే ఇంకా వంగినా నిలబడుతుంది. అసలు ప్రభకి నాలుగు వైపులా మోకులు పట్టుకుని నడిచేవాళ్ళు ఏం చేస్తున్నారో అప్పుడు అర్థమవుతుంది.

పోటు, పాటు

యానాం, ఓడలరేవు, అంతర్వేది వైపు చుట్టాలుంటే ఒక్క పని చాలు. రేవు మెట్లు పైనుంచి లెక్కపెట్టి, నీళ్ళు ఎన్నో మెట్టు దగ్గర ఉన్నాయో గంటకోసారి రాయండి. పోటు అంటే సముద్రపు నీరు ఎక్కడం, పాటు అంటే దిగడం. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి మర్నాడు అదే పోటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, అష్టమికి మెట్ల లెక్కలో తేడా చూడండి. వేటకెళ్ళే తాతని ఒకరిని అడిగితే మీ పట్టిక అవసరమే లేకుండా చెప్పేస్తాడు, అది వేరే విషయం.

నీడ కర్ర

ఇది సంక్రాంతికి మొదలయ్యి వేసవి సెలవుల్లో ముగుస్తుంది. అంత ఓపిక ఉన్న ఇంట్లోనే చెయ్యండి.

పెరట్లో చదునుగా ఉన్నచోట మీటరు ఎత్తు కర్రని నిటారుగా పాతండి. నిటారో కాదో తాపీమేస్త్రి చేసినట్టు దారానికి రాయి కట్టి సరిచూడండి. మన పాత జ్యోతిష గ్రంథాల్లో ఈ కర్ర పేరు శంకువు. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర గులకరాయి పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడు పడిందో అదే అసలు మధ్యాహ్నం, ఆ నీడ చూపించేది సరిగ్గా ఉత్తరం. సూర్యుడి వైపు కళ్ళెత్తి చూడొద్దని మాత్రం ముందే చెప్పండి.

అమలాపురం చుట్టుపక్కల సంక్రాంతి నాడు ఆ పొట్టి నీడ సుమారు 78 సెంటీమీటర్లు, సమయం 12 దాటి పది పన్నెండు నిమిషాలు. వారానికోసారి, ఆదివారం కొలవండి. నీడ తగ్గుతూ పోతుంది. ఉత్తరాయణం అంటే ఏమిటో పిల్లలు నేల మీదే చూస్తారు. నిజానికి సూర్యుడు ఉత్తరానికి తిరగడం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలైపోతుంది. భూమి అక్షం నెమ్మదిగా బొంగరంలా తిరగడం వల్ల మకర సంక్రమణం ఈ వందల ఏళ్ళలో జనవరికి జరిగింది. ఈ మాట పండగ రోజున పెద్దవాళ్ళ ముందు అంటే చర్చ జరుగుతుంది, చూసుకుని అనండి.

మార్చి 20, 21 తేదీల్లో నీడ 30 సెంటీమీటర్లకి వస్తుంది. ఆ రోజు నీడ కొస నుంచి కర్ర కొసకి దారం లాగి, దారానికీ కర్రకీ మధ్య కోణం కొలిస్తే మీ ఊరి అక్షాంశం వచ్చేస్తుంది, పదహారున్నర డిగ్రీలకి కాస్త అటూఇటూ.

మే 6, 7 తేదీలకి వేసవి సెలవులు వచ్చేసి ఉంటాయి. ఆ రెండు రోజులూ 12కి పది నిమిషాల ముందే కర్ర దగ్గరికి చేరండి, ఈసారి అసలు మధ్యాహ్నం 12కి ఒకటి రెండు నిమిషాల ముందే వస్తుంది. నీడ కర్ర మొదట్లోకి పోయి మాయమవుతుంది. రాజమండ్రి, కాకినాడ వైపైతే ఒకటి రెండు రోజులు ఆలస్యం. కర్ర పక్కన ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి, దాని చుట్టూ కూడా నీడ ఉండదు, ఫోటోకి బాగుంటుంది. ఆ తర్వాత మూడు నెలలు మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, జూన్ 21న 12 సెంటీమీటర్లు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ ఒకసారి మాయమవుతుంది, మబ్బు లేకపోతే. పిల్లలు వేసవికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళిపోతే నోటు పుస్తకం సంచిలో పెట్టి పంపండి, అక్కడ వాకిట్లో ఇంకో కర్ర పాతమనండి.